మదనపల్లె బోరుకు సింగరేణి బొగ్గు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పెద్ద థర్మల్ కేంద్రం గానీ అణు కేంద్రం గానీ లేదు. గ్రిడ్‌లో కలిసిపోయిన కరెంటు ఏ కేంద్రం నుంచి వచ్చిందో విడదీసి చెప్పలేము గానీ, ఇక్కడి టమోటా, మల్బరీ తోటలకు నీళ్లు తోడే మోటార్ల వెనుక రెండు కేంద్రాల చరిత్ర ఉంది: కడప జిల్లా ముద్దనూరు సమీపంలోని రాయలసీమ థర్మల్ కేంద్రం ఒకటి, తమిళనాడు తీరంలోని కల్పాక్కం అణు కేంద్రం రెండోది.

బొగ్గు గనే లేని సీమలో బొగ్గు కేంద్రం కట్టడం పైకి వింతగా తోచినా, అందుకు కారణం లేకపోలేదు. ఎక్కడో దూరాన పుట్టిన కరెంటు పొడవాటి లైన్ల మీదుగా వచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది, లో వోల్టేజీకి మోటారు కాలిపోతుంది. వాడకానికి దగ్గరలోనే ఉత్పత్తి జరిగితే ఆ బెడద తగ్గుతుంది కనుక, 1994-95లో 210 మెగావాట్ల యూనిట్లు రెండు ముద్దనూరు దగ్గర మొదలయ్యాయి. 2010 నాటికి అలాంటివి అయిదయ్యాయి. 2018లో 600 మెగావాట్ల ఆరో యూనిట్ చేరి మొత్తం సామర్థ్యం 1,650 మెగావాట్లకు పెరిగింది.

ఏడాది పొడవునా పూర్తి సామర్థ్యంతో నడిస్తే రావలసిన కరెంటులో నిజంగా వచ్చినది ఎంత శాతమో చూపే లెక్కను పీఎల్‌ఎఫ్ అంటారు. ఆ లెక్కలో తొలి దశాబ్దంలో దేశంలోని మేటి కేంద్రాల సరసన నిలిచిన ఈ కేంద్రం, తరువాతి కాలంలో యూనిట్లను నిలిపి ఉంచుకోవలసిన స్థితికి వచ్చింది. యంత్రాలు చెడి కాదు. ఇంధన ఖర్చు తక్కువైన కేంద్రాన్ని ముందు, ఎక్కువైన దాన్ని వెనుక నడిపించే వరుసలో, సింగరేణి నుంచి వందల కిలోమీటర్లు వచ్చే బొగ్గుకు తోడైన రైలు కిరాయి దీన్ని వెనక్కి నెట్టింది. 2016లో మదనపల్లెకు అంత దూరం కాని ఎన్.పి.కుంటలో సోలార్ పార్కు ఉత్పత్తి మొదలై, పగటి పూట థర్మల్ అవసరం మరింత తగ్గింది.

కల్పాక్కం కథ దీనికి తలకిందులు. 1984లో ఒకటి, 1986లో మరొకటి వాణిజ్య ఉత్పత్తికి వచ్చిన అక్కడి రియాక్టర్లు ఒక్కొక్కటి 220 మెగావాట్లవి, అంటే ముద్దనూరు తొలి యూనిట్లకు దాదాపు సమానం. కానీ 210 మెగావాట్ల బొగ్గు యూనిట్ రోజుకు 3,000 టన్నులకు పైగా, అంటే సుమారు ఒక గూడ్సు రైలెడు బొగ్గును మింగుతుంటే, ఈ రియాక్టర్‌కు రోజుకు పది లోపు యురేనియం కట్టలు చాలు. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ తయారుచేసే ఈ కట్ట అర మీటరు పొడవు, పదిహేను కిలోలకు కాస్త పైన బరువు మాత్రమే ఉంటుంది. అయితే కల్పాక్కాన్ని కుంగదీసింది ఇంధనం కాదు, మరమ్మతు. న్యూట్రాన్ల వేగం తగ్గించే భారజలాన్ని రియాక్టర్‌లోకి పంపే లోపలి భాగం 1980ల చివర్లో పగలడంతో, మనిషి చేరలేని చోట పని పడింది. ఆ కారణంగా రెండు రియాక్టర్లనూ ఏళ్ల తరబడి 170 మెగావాట్ల దగ్గరే నడిపారు. ఇంధన గొట్టాలన్నీ మార్చాక 2003లో ఒకటి, 2006లో మరొకటి పూర్తి శక్తికి చేరాయి. 2004 డిసెంబరు సునామీలో సముద్రపు నీరు పంపుహౌస్‌లోకి చొరబడినా, అప్పుడు నడుస్తున్న రెండో రియాక్టర్‌ను సురక్షితంగా ఆపగలిగారు. మొదటిది మాత్రం 2018 జనవరి నుంచి మూతపడే ఉంది.

అణు ఇంధనం తేలికన్న మాట కట్ట తయారయ్యాకే నిజం. కడప జిల్లాలోనే, పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో 2012లో ప్రారంభమైన గనిలో ఖనిజపు నాణ్యత అతి తక్కువ: టన్ను రాయిలో యురేనియం అర కిలో కూడా ఉండదు. అటువంటి రాయి నుంచి ఒక కట్టకు సరిపడా యురేనియం తీయాలంటే ముప్పై టన్నులకు పైగా తవ్వాలి. అప్పటికీ ఒక రోజు కట్టలకు కావలసిన రాయి, ముద్దనూరు యూనిట్ ఒకటి రోజుకు మింగే బొగ్గులో పదో వంతు దగ్గరే ఆగుతుంది. తేడా చివరికి మిగిలే వ్యర్థం దగ్గర వస్తుంది. ముద్దనూరు బూడిద చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలకు పనికొస్తుంటే, తుమ్మలపల్లెలో రసాయనాలతో కడిగిన రాతి గుజ్జు వ్యర్థాల చెరువులోనే ఉండిపోతోంది. తమ భూగర్భజలం పాడైందని ఆ చెరువు పక్క రైతులు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు.