అహ్మద్‌నగర్ కోట నిర్బంధం

అహ్మద్‌నగర్ కోట నిర్బంధం అనగా క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో, 1942 ఆగష్టు నుండి 1945 వరకు, భారత జాతీయ కాంగ్రెసు కార్యవర్గ సభ్యులను బ్రిటిషు ప్రభుత్వం సైనిక స్థావరమైన అహ్మద్‌నగర్ కోటలో విచారణ లేకుండా బంధించి ఉంచిన ఘట్టం. ఈ నిర్బంధితులు పన్నెండు మంది. వారిలో కృష్ణా జిల్లా మచిలీపట్నానికి చెందిన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య ఒకడు.

కోట

మహారాష్ట్రలోని ఈ కోట నిజాంషాహీ సుల్తానుల కాలం నాటిది. 1803లో ఆర్థర్ వెల్లెస్లీ దీనిని మరాఠాల నుండి వశపరచుకొన్నాడు. ఆ తరువాత ఇది సైనిక స్థావరమైంది. బోయర్ యుద్ధ ఖైదీలను, మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో జర్మనులను అహ్మద్‌నగర్‌లోనే ఉంచారు. 2024లో ఈ నగరం పేరు అహిల్యానగర్‌గా మారింది. కోట నేటికీ సైన్యం అధీనంలో ఉంది.

అరెస్టు

1942 ఆగష్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం ఆమోదం పొందింది. మరునాటి తెల్లవారుజామున నాయకులను అరెస్టు చేసి ప్రత్యేక రైలులో తరలించారు. గాంధీని పూనాలోని ఆగాఖాన్ భవనానికి, కార్యవర్గ సభ్యులను అహ్మద్‌నగర్‌కు చేర్చారు. అప్పటికి పట్టాభి వయస్సు 61 సంవత్సరాలు. మచిలీపట్నంలో వైద్యవృత్తి చేసి, 1923లో అక్కడే ఆంధ్రా బ్యాంకును స్థాపించిన ఆయనకు జైలు జీవితం కొత్త కాదు.

నాయకుల అరెస్టుతో కృష్ణా డెల్టా అట్టుడికింది. ఆగష్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులలో ఏడుగురు మరణించారు. నిర్బంధితులకు తొలి వారాలలో వార్తాపత్రికలు అందలేదు. అందువలన బయట జరుగుతున్నది వారికి వెంటనే తెలిసే వీలు లేదు.

నిర్బంధితుల స్థితి

సైనిక కారాగారం సాధారణంగా సైనిక న్యాయస్థానం శిక్షించిన సైనికుల కొరకు ఉద్దేశించినది. యుద్ధ ఖైదీలకు 1929 నాటి జెనీవా ఒప్పందం కొన్ని రక్షణలు కల్పించింది. అహ్మద్‌నగర్ కోటలోని నాయకులు ఈ రెండు తరగతులకూ చెందరు. వారిపై నేరారోపణ లేదు, విచారణ లేదు, విడుదలకు గడువు లేదు. ఉత్తరాలపై ఆంక్షలుండేవి. 1943 ఏప్రిల్‌లో మౌలానా అబుల్ కలాం ఆజాద్ భార్య జులేఖా బేగం కలకత్తాలో మరణించినప్పుడు ఆయన కోటలోనే ఉన్నాడు.

జవహర్‌లాల్ నెహ్రూ, సర్దార్ పటేల్, గోవింద్ వల్లభ్ పంత్, ఆచార్య నరేంద్ర దేవ్, ఆచార్య కృపలానీ, ఆసఫ్ అలీ, శంకరరావు దేవ్, ప్రఫుల్ల చంద్ర ఘోష్, సయ్యద్ మహమూద్, హరేకృష్ణ మహతాబ్ తక్కిన సహచరులు. పలు భాషల, ప్రాంతాల పండితులు ఒకేచోట చేరినందున చదువు, చర్చ, తోటపని వారి దినచర్య అయినవి.

రచనలు

నెహ్రూ 1944 ఏప్రిల్, సెప్టెంబరు నెలల మధ్య 'డిస్కవరీ ఆఫ్ ఇండియా'ను ఇక్కడే వ్రాశాడు. ఆజాద్ ఉర్దూ లేఖల సంపుటి 'గుబార్-ఎ-ఖాతిర్' కూడ ఇక్కడిదే. పట్టాభి తన నిర్బంధకాలపు వ్రాతలను 'ఫెదర్స్ అండ్ స్టోన్స్' పేరుతో 1946లో ఆంగ్లంలో ప్రచురించాడు.

విడుదల, అనంతరం

1944లో సయ్యద్ మహమూద్ ముందుగా విడుదలయ్యాడు. 1945లో మిగిలినవారిని ఇతర జైళ్ళకు మార్చారు. నెహ్రూ 1945 మార్చి 28న కోట విడిచాడు. కార్యవర్గ సభ్యుల విడుదల 1945 జూన్‌లో జరిగింది. పట్టాభి 1948లో జైపూరు కాంగ్రెసు అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. అనంతరం మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరు 17న మరణించాడు. నాయకులను ఉంచిన గదులను కోటలో స్మారకంగా భద్రపరచారు.