కారు ఎప్పుడు పాత్ర అవుతుంది? సొంత రూపకల్పనకు చట్టం చెప్పే కొలమానాలు

వస్త్రపరిశ్రమకు పేరొందిన సూరత్‌లో ఎన్నో తెలుగు కుటుంబాలు దశాబ్దాలుగా మగ్గాలతో, ముద్రణతో జీవనం సాగిస్తున్నాయి. ఆ నగరంలోని ఆల్థాన్‌లో ఒక యువ చిత్రకారుడు పాతకాలపు మజిల్ కారు ఆధారంగా కళ్లు, నోరు, పేరు, స్వభావం గల ఒక పాత్రను సృష్టించాడనుకుందాం. ఆ బొమ్మ పిల్లల దుస్తులపై అచ్చయి మార్కెట్లోకి వెళ్లింది. మరొకరు దానిని చూసి అలాగే అచ్చువేస్తే, ఆ పాత్ర తనదేనని చిత్రకారుడు నిరూపించుకోగలడా? అసలు కారు తయారుచేసిన కంపెనీయే అభ్యంతరం చెబితే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు సమాధానం చాలావరకు బొమ్మ గీసే దశలోనే ఉంటుంది.

మధ్యస్థాయి కారులో భారీ వి-8 ఇంజను అమర్చిన అమెరికన్ వాహనాలను మజిల్ కార్లు అంటారు. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓతో ఈ ఒరవడి ఊపందుకుంది. పొడవైన బానెట్, కురచ వెనుకభాగం, వెడల్పాటి టైర్లు వీటి గుర్తులు. మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన కాంటెస్సాను అభిమానులు ఇదే కోవలో చేర్చుతారు. అయితే ఈ లక్షణాలు ఏ ఒక్కరి సొత్తూ కావు. వాటిని యథాతథంగా గీస్తే అది కారు బొమ్మే అవుతుంది, పాత్ర కాదు.

పాత్రకు ప్రాణం ముఖంలో ఉంటుంది. 2006లో విడుదలైన పిక్సార్ చిత్రం ‘కార్స్’లో కళ్లను హెడ్‌లైట్లలో కాక ముందు అద్దంలో అమర్చారు. కళ్లు దీపాల చోట ఉంటే నోటికి మరీ దగ్గరై ముఖం ఇరుకుగా కనిపిస్తుంది. అద్దంలో ఉంటే బానెట్ ముక్కులా, బంపర్ నోరులా అమరి, భావాలు పలికించడానికి చోటు దొరుకుతుంది. అదే చిత్రంలోని డాక్ హడ్సన్‌కు 1951 నాటి హడ్సన్ హార్నెట్ ఆధారం. ఆ కారు పందేల చరిత్రే, ఒకప్పుడు విజేతగా వెలిగి తరువాత మరుగునపడిన వృద్ధుడి స్వభావంగా మారింది.

తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ ‘కల్కి 2898 ఏడీ’లోని బుజ్జి. 2024 జూన్ 27న విడుదలైన ఈ చిత్రం కోసం దర్శకుడు నాగ్ అశ్విన్ ఊహకు మహీంద్రా సంస్థ, కోయంబత్తూరుకు చెందిన జయం ఆటోమోటివ్స్ కలిసి నిజమైన వాహనరూపం ఇచ్చాయి. దాని బరువు సుమారు 6 టన్నులు. దానికి ముఖం లేదు. కీర్తి సురేశ్ గొంతు, భైరవతో సాగే వాదులాట, సొంత ఆశలు కలిసి ఆ యంత్రాన్ని పాత్రగా నిలబెట్టాయి.

ఈ తేడాను అమెరికా న్యాయస్థానాలు కూడా గుర్తించాయి. బ్యాట్‌మొబైల్ నకళ్లను విక్రయించిన కేసులో 2015లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం మూడు కొలమానాలు చెప్పింది. పాత్రకు బాహ్యరూపంతో పాటు భావపరమైన లక్షణాలుండాలి. ఎప్పుడు కనిపించినా అదే పాత్రగా గుర్తుపట్టగలగాలి. ఇతరులలో లేని విశిష్టత ఉండాలి. 1966 టీవీ ధారావాహికలోని బ్యాట్‌మొబైల్‌ను 1955 నాటి లింకన్ ఫ్యూచురా అనే కారును మార్చి తయారుచేశారు. అయినా బ్యాట్‌మొబైల్‌కు పాత్రగా రక్షణ లభించింది.

‘గాన్ ఇన్ 60 సెకండ్స్’ తదితర చిత్రాలలో ‘ఎలినార్’ పేరుతో కనిపించే మస్టాంగ్ కార్ల విషయంలో మాత్రం అదే న్యాయస్థానం 2025 మేలో భిన్నమైన తీర్పు ఇచ్చింది. ఆ కారుకు ఆలోచన, స్వభావం లేవని, చిత్రం మారినప్పుడల్లా రూపం మారిందని, తగిన విశిష్టత కూడా లేదని పేర్కొంటూ రక్షణను నిరాకరించింది. ఎంత ప్రసిద్ధమైనా, పేరు పెట్టినంత మాత్రాన కారు పాత్ర కాదని ఈ తీర్పు సారాంశం.

ఈ తీర్పులు భారత న్యాయస్థానాలను కట్టడి చేయవు. ఇక్కడ 1957 నాటి కాపీరైట్ చట్టం వర్తిస్తుంది. సొంతంగా గీసిన చిత్రానికి నమోదు లేకపోయినా హక్కు పుడుతుంది. అది చిత్రకారుడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు కొనసాగుతుంది. ఉద్యోగంలో భాగంగా గీసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ హక్కు సాధారణంగా యజమానికే చెందుతుంది.

సూరత్ వంటి నగరంలో మరింత జాగ్రత్త అవసరమైన నిబంధన 15వ సెక్షన్‌లో ఉంది. డిజైన్ల చట్టం కింద నమోదుకు అర్హమైన డిజైన్‌ను నమోదు చేయకుండా, పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి వస్తువులపై పునరుత్పత్తి చేస్తే ఆ డిజైన్‌పై కాపీరైట్ ముగుస్తుంది. ముద్రణ యంత్రం ఈ సంఖ్యను దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఒక బొమ్మ కళాకృతిగా మిగులుతుందా, డిజైన్‌గా మారుతుందా అన్నది తరచూ వివాదాస్పదమే. నమోదు చేసిన డిజైన్‌కు తొలుత 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. అయితే డిజైన్ బహిరంగం కాకముందే దరఖాస్తు చేయడం అవసరం.

కాబట్టి మజిల్ కారును ప్రేరణగా తీసుకొనేవారు కంపెనీ చిహ్నాన్ని, మోడల్ పేరును విడిచిపెట్టడం మేలు. ఒకే కారును అనుకరించకుండా, నిష్పత్తులను మార్చి, పాత్రకు మారని గుర్తులను, స్వభావాన్ని నిర్ణయించుకోవాలి. తొలి గీతల నుంచి తుది రూపం వరకు తేదీలతో భద్రపరచుకోవాలి. వివాదం తలెత్తిన రోజున ఆ చిత్తుప్రతులే చిత్రకారుడి పక్షాన బలమైన సాక్ష్యం కాగలవు.