స్టీవెన్‌సన్ దారిలో నల్లరాళ్లు

మంచి యాత్రా గ్రంథం చదివితే, ఆ దారిన మనమూ ఒకసారి నడిస్తే బాగుండుననిపిస్తుంది. అట్లా వెనక వెళ్లినవారికి ఒక్కోసారి ముందు వెళ్లినవాడికి కనబడనిది కూడా కనబడుతుంది. ఇందుకొక ఉదాహరణ చెబుతాను.

‘ట్రెజర్ ఐలండ్’ నవల రాసిన స్కాట్లండ్ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ పేరు మీరు వినే ఉంటారు. ఆ నవలకు ముందే, 1878 సెప్టెంబరు 22న, ఆయన దక్షిణ ఫ్రాన్సులోని మొనాస్తియే అనే ఊరి నుంచి కాలినడకన బయలుదేరాడు. సామాను మోయడానికి 65 ఫ్రాంకులూ, ఒక గ్లాసు బ్రాందీ ఇచ్చి గాడిదను కొన్నాడు. దాని పేరు మొదెస్తీన్. అది నడవదు, ఈయనకు తోలడం రాదు! ఆ 12 రోజుల ప్రయాణమే 1879లో పుస్తకంగా వచ్చింది.

ఆయన బయలుదేరిన వెలే సీమ చల్లారిన అగ్నిపర్వతాల నేల. మొదటి రాత్రి బూషే అనే చెరువు గట్టున పడుకోవాలనుకున్నాడు. దారులు కలగాపులగమై, చీకటి పడి, చెరువుకు ఒక మైలు అవతల పల్లెలో తేలి, అక్కడి సత్రంలో తలదాచుకున్నాడు. ఆ రాత్రి చెరువు చేరనేలేదు.

ఆ చెరువు ఎట్లా పుట్టిందో తెలుసా? కాలిన పెనం మీద నీళ్లు చల్లితే ఏమవుతుంది? చుయ్యిమని ఆవిరి లేస్తుంది. భూమిలోంచి పైకి వస్తున్న కరిగిన రాయికి ఊటనీరు తగిలి, ఒక్కసారిగా ఆవిరై, నేల పేలిపోయింది. ఆ గుండ్రని గొయ్యిలో నిలిచిన నీరే ఈ చెరువు.

ఇప్పుడా దారికి స్టీవెన్‌సన్ పేరే పెట్టారు. గాడిదను అద్దెకు తీసుకుని నడిచేవారూ ఉన్నారు. పుస్తకంతో పాటు ఇళ్ల గోడలు కూడా చూస్తూ నడిస్తే వింత తెలుస్తుంది. మొదట లావా గడ్డకట్టిన నల్లరాయి, తరువాత లొజేర్ కొండ మీద గ్రానైటు, ఆపైన పొరలు పొరలుగా విడిపోయే పలకరాయి. ఏ నేల రాయి ఆ ఊరి గోడ.

మన పిల్లలను అగ్నిపర్వతం ఎక్కడుందని అడిగితే జపాను, ఇటలీ అంటారు. షోలాపూరు నుంచి రాయచూరుకు రైలెక్కించి చూపించండి. మొదట నల్లరేగడి. అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా రాయి చివికి ఏర్పడిన మన్ను. తరువాత షాబాదు బండలు, యాదగిరి దగ్గర గ్రానైటు గుట్టలు. ఆ లావా మన కాళ్ల కిందనే ఉంది. దాన్ని చూపించకుండా అగ్నిపర్వతాల పాఠం చెబితే, ఆ పాఠం సగమే చెప్పినట్టు.

ఈసారి ఆ దారిన వెళ్లినప్పుడు కిటికీ పక్కన కూర్చోండి. పిల్లలను కూడా కూర్చోబెట్టుకోండి. సెలవు.