తాబేలుకు ఎక్స్‌రే ఎందుకు?



ఎద్దుకు జబ్బు చేస్తే నెమరు మానుతుంది, చెవులు వాలుస్తుంది. మనకు తెలిసిపోతుంది. మరి తాబేలుకు జబ్బు చేస్తే? పైన డొప్ప, కింద డొప్ప. చేత్తో తడిమి చూచే వీలు లేదు. పాము, కప్ప, ఉడుము కూడా రోగాన్ని కడదాకా పైకి కనబడనీయవు. అందువలననే వీటి వైద్యంలో ఎక్స్‌రే ముఖ్యసాధనమైనది.

"ఇది మాకెందుకండీ?" అంటారేమో. జెర్రిపోతు చేలో ఎలుకలను తింటుంది. కప్ప పురుగులను తింటుంది. కప్పకాళ్ల ఎగుమతిని మన ప్రభుత్వం 1987లో నిషేధించింది. ఇట్టి మేలుచేసే ప్రాణులు మన ట్రాక్టరు నాగళ్లకు, మన గాలాలకు, మన వలలకే దెబ్బ తింటున్నవి.

1895లో జర్మనీ శాస్త్రజ్ఞుడు రాంట్‌జెన్ ఈ కిరణాలను కనిపెట్టాడు. ఫిల్ము మీద ఎముక, లోహం తెల్లగానూ, గాలి నల్లగానూ, మాంసం బూడిద రంగుగానూ కనబడతవి. ఇక దీనివలన ఏమి తెలుస్తుందో చూడండి.

ఒకటి, మింగిన గాలం. అది గొంతులో ఉన్నదా, కడుపులోకి దిగినదా అన్నది తెలియనిదే డాక్టరు చెయ్యి వేయలేడు. రెండు, విరిగిన ఎముకలు, పగిలిన డొప్ప. మూడు, గుడ్లు. తాబేలు గుడ్డు పెంకులో సున్నం ఉంటుంది గనుక లెక్కపెట్టవచ్చును. గుడ్డు మరీ పెద్దదైనా, పగిలినా, దారిలో అడ్డుపడుతుంది. పాము గుడ్డు పెంకు తోలువలె ఉండును, అంత స్పష్టంగా కనబడదు. నాలుగు, సున్నపు లోపం. పెంపకంలో సరియైన మేత లేని ప్రాణుల ఎముకలు పలచబడి, ఫిల్ములో వెలవెలబోయి ఉంటవి. కప్పలకూ ఇది వస్తుంది. ఐదు, ఊపిరితిత్తుల రోగం. నీటి తాబేలు ఒక పక్కకు ఒరిగి తేలుతూ ఉంటే దీనిని అనుమానించాలి.

తాబేలు ఊపిరితిత్తులు పైడొప్పను అంటుకొని ఉంటవి. పైనుంచి తీసిన ఒక్క ఫిల్ము చాలదు. పక్కనుంచి, ముందునుంచి కూడా తీయవలెను. పామును చుట్టగా ఉంచి తీస్తే ఏదీ తెలియదు. పారదర్శకమైన గొట్టంలోకి పంపి, ముక్కముక్కలుగా తీస్తారు. కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది. కాబట్టి ఆరిపోకుండా తడి డబ్బాలో ఉంచే తీస్తారు.

ఎక్స్‌రేకు అన్నీ అందవు. నైలాను వల, ప్లాస్టిక్ సంచి సాధారణంగా కనబడవు. అప్పుడు బేరియం మందు తాగించి చూస్తారు, లేదా అల్ట్రాసౌండ్ చేస్తారు.

ఇక మీ వంతు. తాబేలు గాలం మింగితే దారం పట్టి లాగవద్దు, లోపల చీలుతుంది. దారాన్ని మూరెడు వదిలి కోయండి. డొప్ప పగిలితే నీటిలో వేయవద్దు. పసుపు, సున్నం, నూనె పూయవద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి, గాలి ఆడే పెట్టెలో నీడన ఉంచండి. పామును మాత్రం ముట్టుకోవద్దు. వెంటనే అటవీశాఖవారికి కబురు చేయండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్షత్ర తాబేలు, ఉడుము, జెర్రిపోతు రక్షిత ప్రాణులు. జాలితోనైనా ఇంట్లో పెంచుకోరాదు.

ఎక్కడ దొరికింది, ఎప్పుడు దెబ్బ తగిలింది, ఈ రెండు మాటలూ చీటీ మీద రాసి పంపండి. ఫిల్ము చూచే డాక్టరుకు ఆ చీటీ ఎంతో సాయపడుతుంది.