సొంత లిపి గల కంప్యూటరు భాష: ఎ.పి.ఎల్. భవిష్యత్తు

కంప్యూటరుకు ఆజ్ఞలిచ్చు భాషలలో తనకంటూ ప్రత్యేక లిపి గల భాష యొకటి కలదనిన కొందరికి వింతగా తోచవచ్చును. సామాన్యముగా ఈ భాషలు ఇంగ్లీషు మాటలతోడను, అందరెరిగిన గణిత చిహ్నములతోడను వ్రాయబడుచుండును. ఎ.పి.ఎల్. అను భాష మాత్రము గ్రీకు అక్షరములు, బాణములు, త్రికోణములు, వృత్తములు మొదలగు గుర్తులతో నిండియుండును. అది పుట్టి అరువది యేండ్లు దాటినది. నేడు వాడువారు కొలదిమందియే. దాని భవిష్యత్తును విచారించుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

దీని కర్త కెన్నెత్ ఐవర్సన్. 1920లో కెనడా దేశమున జన్మించిన ఈయన, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున అధ్యాపకుడై యుండగా, విద్యార్థులకు విషయములను స్పష్టముగా బోధించుటకై ఒక సంకేత పద్ధతిని కల్పించెను. అనగా ఇది మొదట పుట్టినది యంత్రముకొరకు గాదు, నల్లబల్లకొరకు. పిదప ఐ.బి.ఎం. సంస్థలో చేరి, 1962లో దానిని గ్రంథరూపమున ప్రకటించెను. 1966లో అది యంత్రముపై నడువసాగెను. ఆనాడు టైపురైటరు వంటి సాధనములో బంతి యాకారముగల అచ్చును మార్చి ఈ గుర్తులను కొట్టెడివారు.

ఈ భాష ప్రత్యేకత యేమి? ఒక తరగతిలో 40 మంది మార్కుల సగటు కావలెననుకొందము. ఆనాటి ఇతర భాషలలోనైనచో, ఒక్కొక్క అంకెను తీసికొనుము, మొత్తమునకు కలుపుము, పట్టిక ముగియువరకు మరల చేయుము అని అంచెలంచెలుగా చెప్పవలెను. ఎ.పి.ఎల్.లో పట్టిక యంతయు ఒకే వస్తువు. కూడిక గుర్తు ప్రక్కన వాలుగీత యుంచినచో అంకెలన్నియు కూడబడును. ఆ మొత్తమును పట్టిక పొడవుచే భాగించినచో సగటు లభించును. అంకెలు 40 అయినను, 40 లక్షలైనను వ్రాత అంతియే. గుణకారము ముందు, కూడిక తరువాత యను బడి నియమము ఇందులేదు; కుడినుండి యెడమకు లెక్కింపవలెను. కావున 2×3+4 బడిలో 10 అగును. ఇచ్చట 14 అగును.

ఇంత సొగసు గల భాష ఏల వ్యాపింపలేదు? సామాన్యపు కీబోర్డుపై ఆ గుర్తులు లేకపోవుట మొదటి కారణము. ఒకరు వ్రాసిన చిన్న పంక్తి మరియొకరికి బోధపడదను నింద రెండవది. 1979లో ట్యూరింగు బహుమానము నందుకొనుచు, మంచి సంకేతము ఆలోచనకే సాధనమని ఐవర్సన్ వాదించెను. అట్టివాడే 1990లో రోజర్ హుయీతో గూడి, ఆ లిపిని విడిచి, సామాన్యపు గుర్తులతో జె అను భాషను నిర్మింపవలసివచ్చెను. 2004లో ఆయన మరణించెను.

కాలము మరల కొంత అనుకూలించినది. మన తెలుగు అక్షరములకు స్థానమిచ్చిన యూనికోడే ఎ.పి.ఎల్. గుర్తులకును స్థానమిచ్చినది. లిపి యను ఆటంకము చాలవరకు తొలగినది. బ్రిటనులోని డయలాగ్ సంస్థ 1983 నుండి ఈ భాషను పోషించుచున్నది. ఆర్థర్ విట్నీ నిర్మించిన కె అను సంతతి భాష ధనవ్యాపార సంస్థలలో ధరల లెక్కలకు పనికివచ్చుచున్నది. పైథాన్ భాషలోని నంపై యను సాధనము, పట్టికను ఒకే వస్తువుగా చూచు ఈ భావమునే లెక్కలేనంతమందికి అందించినది.

కావున భావము నశించునను భయము లేదు. కాని భాష మాట వేరు. దశాబ్దముల క్రిందట దీనితో వ్రాసిన లెక్కలు కొన్ని సంస్థలలో నేటికిని నడచుచున్నవి. వానిని వ్రాసినవారు వృద్ధులగుచున్నారు. చదువగల యువకులు లేనిచో ఆ పంక్తులు మూగవోవును. ఎ.పి.ఎల్. బహుజనుల భాష కాగలదని మేము తలంపము. అయినను, మొదట పుట్టిన చోటికి, అనగా తరగతి గదికి, అది మరల చేరినచో కొలదిమంది చేతులలోనైనను చిరకాలము నిలువగలదని మా విశ్వాసము.