తొలి తలంపు, మలి తలంపు
(ఆష్‌బర్న్ పాఠశాల ఉదంతం – మనోవిజ్ఞానం చెప్పే పాఠం)

వర్జీనియా రాష్ట్రం లౌడన్ కౌంటీలోని ఆష్‌బర్న్ అనగానే నేడు మనకు స్ఫురించేవి బారులు తీరిన డేటా సెంటర్లు, కొత్త గృహసముదాయాలు, అందులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు. అదే ఊరిలో వీటన్నిటికంటే ఎంతో పూర్వపుదైన ఒక చిన్న చెక్క కట్టడం ఉన్నది. దాని పేరు ఆష్‌బర్న్ కలర్డ్ స్కూల్. నల్లజాతి పిల్లలను తెల్లవారి బడులలోకి రానివ్వని రోజుల్లో, 1892లో, వారికోసం కట్టిన ఒంటిగది బడి అది. 1950ల వరకు అందులో పాఠాలు జరిగాయి. పాఠశాలల్లో వర్ణవిభజన రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954లో తీర్పు చెప్పినా, లౌడన్ కౌంటీలో ఆ విభజన పూర్తిగా తొలగడానికి 1960ల చివరి వరకు పట్టింది. అందుకు కౌంటీ పాఠశాలల యంత్రాంగం 2020 సెప్టెంబరులో బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నది.

2016 శరదృతువులో, స్థానిక విద్యార్థులు కొందరు ఆ పాతబడిని బాగుచేయిస్తున్న రోజుల్లో, ఒక రాత్రి ఐదుగురు బాలురు దాని గోడలనిండా రంగులతో రాతలు రాశారు. వాటిలో నాజీల స్వస్తిక్ గుర్తులు, శ్వేతజాతి ఆధిపత్యాన్ని చాటే నినాదాలు, అసభ్యమైన బొమ్మలు ఉన్నాయి. బాలురందరూ పదహారు, పదిహేడేళ్ళవారు. వారిలో ముగ్గురు అల్పసంఖ్యాక వర్గాలకు చెందినవారే అన్న విషయం చాలామందిని ఆశ్చర్యపరచింది.

ప్రభుత్వం తరఫున కేసు నడిపిన న్యాయవాది అలెహాండ్రా రుయేదా ఆ బాలురను గమనించి, వారిలో కరడుగట్టిన ద్వేషం కంటే అజ్ఞానమే ఎక్కువగా ఉన్నదని భావించారు. ఆమె సూచన మేరకు 2017 ఆరంభంలో న్యాయస్థానం ఒక అసాధారణమైన శిక్ష విధించింది. ముప్పైఐదు పుస్తకాల జాబితానుండి నెలకొకటి చొప్పున ఏడాదిపాటు చదివి, ప్రతి పుస్తకం మీద వ్యాసం రాయాలి. యూదుల మారణహోమ స్మారక ప్రదర్శనశాలను చూడాలి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జపాన్ సంతతి అమెరికన్లను నిర్బంధించిన చరిత్రను చూపే ప్రదర్శనను సందర్శించాలి. ఆ బడిలో చదువుకున్న ఒక పూర్వవిద్యార్థిని జ్ఞాపకాల రికార్డును వినాలి. చివరకు, తాము గోడపై గీసిన గుర్తులు తోటిమనుషులకు ఏమి చెబుతాయో వివరిస్తూ ఒక పరిశోధన వ్యాసం రాయాలి.

ఒక బాలుని వ్యాసంలోని కొన్ని మాటలను 2019లో బి.బి.సి. ప్రకటించింది. గీసినప్పుడు ఆ గుర్తు అంత పెద్ద విషయమని అనుకోలేదనీ, చదివిన తరువాతనే దాని వెనుక ఉన్న బాధ తెలిసివచ్చిందనీ, అందరినీ సమానంగా చూడాలనీ, ఇకపై అంతటి అజ్ఞానంలో ఉండకుండా ప్రయత్నిస్తాననీ అతడు రాశాడు. అప్పటికి ఆ ఐదుగురిలో ఎవరూ మరల నేరం చేయలేదని ఆ కథనం తెలిపింది.

ఐదుగురి అనుభవం శాస్త్రీయ నిరూపణ కాజాలదు. కాని చదువు, ఓర్పు, ఆలోచన మనిషిలోని దురభిప్రాయాన్ని ఏ విధంగా సడలించగలవన్న ప్రశ్నను ఈ ఉదంతం మన ముంగిట నిలిపింది. దీనికి మనోవిజ్ఞానం చెప్పే సమాధానం తెలుసుకోదగినది.

అడగకుండా వచ్చే తలంపు

దురభిప్రాయం దుర్మార్గుల సొత్తు మాత్రమే అని మనం భావిస్తాము. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞురాలు పట్రిషియా డివైన్ 1989లో ప్రకటించిన పరిశోధన ఈ నమ్మకాన్ని కదిలించింది. ఒక జాతిని గురించి సమాజంలో చలామణీ అయ్యే హీనమైన భావాలు, ఆ జాతిని ద్వేషించేవారికీ ద్వేషించనివారికీ సమానంగానే తెలుసు. సందర్భం తటస్థించగానే అవి ఇరువురి మనసులలోనూ అడగకుండానే మెదలుతాయి. భేదమంతా ఆ తరువాతి క్షణంలో ఉన్నది. మొదటివాడు ఆ తలంపును నమ్మి నడుచుకుంటాడు. రెండవవాడు ఆగి, దానిని తన విలువలతో సరిచూసుకొని తిరస్కరిస్తాడు. తొలి తలంపు అలవాటు వలన వస్తుంది. మలి తలంపు ప్రయత్నం వలన వస్తుంది.

ఈ తొలి తలంపును కొలవడానికి 1998లో వెలువడిన ఒక పరీక్షను అభివృద్ధి చేయడంలో ఆంథొనీ గ్రీన్‌వాల్డ్‌తో కలిసి పనిచేసిన మహజరీన్ బనాజీ గురించి తెలుగువారు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆమె పుట్టినది సికింద్రాబాదులో, చదివినది నిజాం కళాశాలలో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో. కంప్యూటరు తెరపై కనిపించే ముఖాలను, మంచి చెడు మాటలను జతపరుస్తూ మీటలు నొక్కడానికి పట్టే కాలాన్ని సెకనులో వెయ్యోవంతులలో లెక్కించి, మనసులో ఏ రెండు భావాలు ముడిపడి ఉన్నాయో ఈ పరీక్ష అంచనా వేస్తుంది. ఒక వ్యక్తి రేపు ఎట్లా ప్రవర్తిస్తాడో ఇది నిర్ధారించలేదన్న విమర్శ బలమైనదే. అయినా, తమకు పక్షపాతం లేదని గట్టిగా నమ్మేవారిని సైతం ఈ పరీక్ష ఒక క్షణం ఆలోచింపజేస్తుంది.

నిగ్రహానికి పునాది నమ్మకం

తొలి తలంపుకూ చేతకూ నడుమ నిలిచేది ఆత్మనిగ్రహం. దీనిపై ఎక్కువగా వినిపించే ప్రయోగం స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ 1960ల చివరనుండి పసిపిల్లలతో చేసినది. ఎదుట ఒక మిఠాయి పెట్టి, కొంతసేపు తినకుండా ఆగితే మరొకటి ఇస్తామంటారు. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో మెరుగ్గా ఉన్నారన్న వార్త లోకమంతా వ్యాపించింది. కాని 2018లో సుమారు 900 మంది పిల్లల వివరాలతో జరిపిన పునఃపరిశీలనలో ఆ సంబంధం అనుకున్నదానికంటే చాలా బలహీనమని, కుటుంబ పరిస్థితులను లెక్కలోకి తీసుకుంటే మరింత తగ్గుతుందని తేలింది.

ఇంతకంటే ఆలోచింపజేసేది 2013లో రోచెస్టర్‌లో 28 మంది పిల్లలతో జరిగిన చిన్న ప్రయోగం. మిఠాయికి ముందు, మంచి రంగుల పెన్సిళ్ళు తెస్తామని పిల్లలకు మాట ఇచ్చారు. సగంమందికి తెచ్చి ఇచ్చారు. మిగిలిన సగంమందికి “లేవు, క్షమించు” అన్నారు. తరువాత మిఠాయి ముందు కూర్చోబెడితే, మాట నిలబెట్టుకున్న పెద్దలను చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన పెద్దలను చూసినవారు 3 నిమిషాలకే తినివేశారు. నిగ్రహం పిల్లవాడిలో పుట్టుకతో వచ్చే గుణం మాత్రమే కాదని, ఎదుటివారి న్యాయప్రవర్తన మీద అతనికి గల నమ్మకం కూడా అందులో ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

ఎవరికి తక్కువ, ఎవరికి ఎక్కువ

న్యాయబుద్ధికి రెండు ముఖాలున్నాయి. తనకు తక్కువ వస్తే అన్యాయమనడం మొదటిది. తనకు ఎక్కువ వచ్చినప్పుడు కూడా అన్యాయమనడం రెండవది. భారతదేశంతో సహా ఏడు దేశాలలో 4 నుండి 15 ఏళ్ళ పిల్లలను జతలుగా కూర్చోబెట్టి పంపకాలు చేసిన పరిశోధన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఎదుటివారికి ఎక్కువ ఇచ్చే పంపకాన్ని అన్ని దేశాల పిల్లలూ తిరస్కరించారు. తమకే ఎక్కువ వచ్చే పంపకాన్ని తిరస్కరించినవారు మాత్రం అమెరికా, కెనడా, ఉగాండాలలోని కొంచెం పెద్ద పిల్లలు. దీనిని బట్టి మన పిల్లలకు న్యాయబుద్ధి తక్కువని తీర్మానించడం తగదు. మొదటిది దాదాపు అందరికీ సహజంగా అబ్బుతుంది, రెండవది పెంపకం వలన, పరిసరాల వలన రావలసి ఉంటుంది అని మాత్రం గ్రహించవచ్చు. లాభపడిన పక్షాన కూర్చుని అన్యాయాన్ని గుర్తించడమే కష్టమైన చదువు.

బఫర్ ద్రావణం

రసాయనశాస్త్రంలో ఒక ఉపమానం దీనికి చక్కగా సరిపోతుంది. శుద్ధమైన నీటిలో ఒక చుక్క గాఢ ఆమ్లం వేస్తే పి.హెచ్. విలువ ఒక్కసారిగా పడిపోతుంది. ఎసిటిక్ ఆమ్లం, సోడియం ఎసిటేట్ తగుపాళ్ళలో కలిపిన బఫర్ ద్రావణంలో అదే చుక్క వేస్తే పి.హెచ్. దాదాపు చలించదు. ఆమ్లం అందులోనూ పడింది. కాని దానిని స్వీకరించే ద్రవ్యం ముందే సిద్ధంగా ఉన్నది. ఆత్మనిగ్రహమూ అటువంటిదే. చెడు తలంపు రాకుండా ఆపడం సాధ్యం కాదు. అది వచ్చినప్పుడు స్వీకరించి శాంతింపజేసే ద్రవ్యం, అనగా ఇతరుల కథలు, ఇతరుల చరిత్ర, ఇతరులతో స్నేహం, మనసులో ముందుగా నిలువ ఉండాలి. బఫరుకూ ఒక హద్దు ఉన్నది. ఆ ద్రవ్యాన్ని ఎప్పటికప్పుడు నింపుకుంటూ ఉండాలి.

ప్రయోగాలు కూడా ఇదే సూచిస్తున్నాయి. పక్షపాతాన్ని తగ్గించగల తొమ్మిది స్వల్పకాలిక పద్ధతులను పరీక్షించి 2016లో ప్రకటించిన పరిశోధనలో, వాటి ప్రభావం కొన్ని గంటలలోనో కొన్ని రోజులలోనో మాయమైంది. డివైన్ బృందం 2012లో ప్రకటించిన ప్రయోగం మాత్రం పన్నెండు వారాలు సాగింది. అందులో పాల్గొన్నవారు తమ తలంపులను గమనించుకోవడం, ఎదుటివారి స్థానంలో ఉండి ఆలోచించడం, పరిచయాలు పెంచుకోవడం వంటి మెళకువలు నేర్చుకున్నారు. వారిలో మార్పు కొంతకాలం నిలిచింది. ఒక సాయంకాలపు ఉపన్యాసం కంటే ఏడాది పొడవునా సాగే చదువు మేలని ఆష్‌బర్న్ తీర్పు ఎంచుకున్న మార్గం ఈ ఫలితాలతో పొసగుతున్నది.

మన ఇళ్ళలో

ఈ కథలో తెలుగు కుటుంబాలు తమను తాము చూసుకోవలసిన చోటు ఒకటున్నది. మనం స్వస్తిక్‌ను పూజామందిరంలో, గడప మీద, కొత్త వాహనం మీద శుభసూచకంగా వేసుకుంటాము. 1920లో నాజీ పార్టీ తన గుర్తుగా స్వీకరించిన నాటినుండి దానికి ఐరోపాలో మరొక అర్థం ఏర్పడింది. మన గడపను చూసి పొరుగింటి యూదు వృద్ధురాలు ఉలిక్కిపడితే, అది ఆమెలోని దురభిప్రాయం కాదు, ఆమె చరిత్ర. మన సంప్రదాయాన్ని ఆమె తెలుసుకోవాలని కోరే హక్కు మనకు ఉన్నది. ఆమె చరిత్రను మన పిల్లలకు చెప్పే బాధ్యతా మనకే ఉన్నది. రెండర్థాలూ తెలిసిన పిల్లవాడు బడిలో ప్రశ్న ఎదురైనప్పుడు తడబడడు, మొండికెత్తడు.

అదేవిధంగా, కొత్తగా పరిచయమైనవారిని “మీ ఇంటిపేరేమిటి?” అని అడిగి, జవాబు వినగానే కులం అంచనా వేసుకునే అలవాటు సముద్రాలు దాటి మనతో వచ్చింది. నల్లజాతి మిత్రుడు ఇంటికి వస్తున్నాడంటే పెద్దల ముఖాలలో కనిపించే సంకోచం, మేనిచాయను బట్టి ఆడపిల్లను మెచ్చుకునే మాట, భోజనాల బల్ల వద్ద ఒక జాతిని గురించి విసిరే హాస్యం, ఇవన్నీ పిల్లల మనసులో తొలి తలంపులుగా నాటుకుంటాయి. తమ చర్మపు రంగును, ఉచ్చారణను చూసి ఎవరో నవ్వినప్పుడు బాధపడే పిల్లలే, మరొకరిని చూసి నవ్వగలరు. ఆష్‌బర్న్ గోడపై రంగు పూసినవారిలో అల్పసంఖ్యాకులూ ఉన్నారన్న సంగతి ఇందుకే మరువరానిది.

పిల్లలకు నిగ్రహం నేర్పాలంటే పెద్దలు ముందు తమ మాట నిలబెట్టుకోవాలి. న్యాయం నేర్పాలంటే తమకు ఎక్కువ వచ్చినప్పుడు నోరు విప్పాలి. దురభిప్రాయం తొలగాలంటే నోటికి వచ్చిన తొలిమాటను ఒక క్షణం ఆపి, మలిమాటకు చోటివ్వాలి. శిక్షగా ఐదుగురు బాలురు నెలకొక పుస్తకం చదివిన ఊరిలో, శిక్ష అవసరం లేకుండానే, తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి నెలకొక పుస్తకం చదువుకోవచ్చును గదా!