చలిలో వాకింగ్.. పెద్దలకు ఆ బాట భద్రమేనా?

ఆదిలాబాద్: చలికాలం వచ్చిందంటే చాలు.. ఆదిలాబాద్‌లో ఉష్ణోగ్రతలు సింగిల్ డిజిట్‌కు పడిపోతుంటాయి. పొద్దున్నే పొగమంచు, మసక వెలుతురు. అయినా పెద్దలు వాకింగ్ మానరు. అసలు ముప్పు కాళ్ల కిందే ఉంది. పగిలిన టైల్, మూత లేని మ్యాన్‌హోల్, తడి నాచు.. ఏదైనా చాలు. జారిపడితే తుంటి ఎముక విరగొచ్చు. ఆ వయసులో మంచాన పడితే మళ్లీ లేచి నడవడం కష్టమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం పడిపోవడం వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6.84 లక్షల మంది చనిపోతున్నారు. 60 ఏళ్లు దాటినవారికే ముప్పు ఎక్కువ.

మరి బాట ఎలా ఉండాలి? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్‌పై అడ్డంకుల్లేని దారి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి. ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటొద్దు. అంటే జానెడు కన్నా తక్కువే. రోడ్డు దాటేచోట ర్యాంప్ ఉండాలి. మధ్యమధ్యలో బెంచీలు, లైట్లు ఉంటే పెద్దలకు ధీమా.

ఫుట్‌పాత్ పాదచారుల హక్కు అని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి గుంత కనిపిస్తే ఫొటో తీసి మున్సిపల్ అధికారులకు ఫిర్యాదు చేయండి. బాట బాగయ్యే దాకా పెద్దలు తెల్లగా తెల్లారాకే, గ్రిప్ ఉన్న బూట్లతో నడవడం మేలు.